మా యత్తగారి మాట



మా వంటయింటిలో ఉప్పుజాడీకి పైన గోడమీద ఒక కాగితము అంటించియున్నది. దానిపై పెన్నుతో గీసిన బొమ్మ యొకటి. చూచినవారు కొందఱు అక్రోటుపప్పు అనుకొందురు. కొందఱు పిల్లవాడు గీసిన మబ్బు అనుకొందురు. అది మనుష్యుని మెదడు. కామారెడ్డిలో ఒక వైద్యుడు మందుచీటి వెనుక గీసి మా చేతికిచ్చిన బొమ్మ. దానిని మేమేల గోడకు అంటించుకొంటిమో, దానివలన ఏమి నేర్చుకొంటిమో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము అనగా గాంధారిలో ఒక సేద్యపు కుటుంబమునకు చెందిన యిద్దఱు కోడండ్రము. పెద్దకోడలు చెప్పగా చిన్నకోడలు వ్రాసినది. కనుక ఇందలి తప్పొప్పులు ఇద్దఱివి.

గాంధారి పెద్ద పట్టణము కాదు. 2016 అక్టోబరు 11వ తేది వఱకు నిజామాబాదు జిల్లాలో నుండి, ఆనాడు క్రొత్తగా ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరిన మండలకేంద్రము. చుట్టును లంబాడీ తండాలు పెక్కు గలవు. అంగడినాడు తండాల స్త్రీలు మా యరుగుమీద బుట్టలు దించుకొని చల్లబడుదురు. మా యత్తగారు వారితో లంబాడీలో మాటలాడుదురు, గాజులు తెచ్చు బీబమ్మతో ఉర్దూలో మాటలాడుదురు, మాతో తెలుగు. ఆమె బడి మెట్లెక్కినవారు కారు. వ్రాలు చేయుటకు బొటనవ్రేలే గతి. కాని మూడు భాషలలోను బేరము చేయగలరు, వేళాకోళము చేయగలరు, కోపపడగలరు. ఆ మాటయే మా యింటికి దీపము. ఆ దీపము ఒక్క ఉదయమున ఆరిపోయినది.

రెండేండ్ల క్రిందటి ఆషాఢమాసములో ఒకనాడు, తెల్లవారి ఆఱు గంటలకు, అత్తగారు వాకిట సాన్పి చల్లుచుండిరి. చెంబు జాఱిపడిన చప్పుడు విని మేము బయటికి వచ్చితిమి. ఆమె గోడకు ఆనుకొని నిలిచియుండిరి. కుడిచేయి వ్రేలాడుచున్నది. మూతి ఎడమప్రక్కకు లాగికొనిపోయినది. "ఏమైందత్తా?" అని అడిగితిమి. ఏదో చెప్పబోయిరి. పెదవులు మెదలినవి, నాలుక మెదలినది. మాట మాత్రము రాలేదు. ఆమె కన్నులలో మేము అంతవఱకెన్నడును చూడని భయము కనబడెను.

ఆ తరువాత మేము చేసినదంతయు తప్పే. సిగ్గుపడుచు చెప్పుచున్నాము, మీరు చేయకుందురని చెప్పుచున్నాము. ఆమెను మంచముపై పరుండబెట్టి నువ్వులనూనెతో చేయి మర్దించితిమి. వేడివేడి చాయ పోసితిమి; అది గొంతు దిగక పొరబోయి, ఆమె ఊపిరి తిరుగక తల్లడిల్లిరి. ప్రక్కయింటి పెద్దమ్మ వచ్చి, "పావురం నెత్తురు పూస్తె చెయ్యి లేస్తది" అనెను. ఒకరు పావురమునకై పరుగెత్తిరి. ఇంకొకరు దిష్టి తీసిరి. మామగారు పొలమునుండి వచ్చి, "జరసేపు చూద్దాం, అదే తగ్గుతది" అనిరి. చూచుచునే పూట గడచినది. హైదరాబాదులో ఉద్యోగము చేయు మా మఱది ఫోనులో గట్టిగా కేకలు వేసిన తరువాత గాని మేము బండి మాట్లాడలేదు.

కామారెడ్డిలో ఒక ఆసుపత్రికి చేరునప్పటికి పగలు మూడు గంటలైనది. వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఎన్ని గంటలకు మొదలైందమ్మా?" పొద్దున ఆఱింటికి అని చెప్పితిమి. ఆయన గోడమీది గడియారమువైపు ఒకమాఱు చూచెను. మఱేమియు అనలేదు. ఆ చూపును మేమీనాటికిని మఱవలేకున్నాము. స్కానింగు తీయించిన పిదప మమ్ము కూర్చుండబెట్టి, మెదడుకు రక్తము కొనిపోవు నాళము ఒకటి గడ్డచేత మూసికొనిపోయినదని చెప్పెను. గడ్డను కరగించు సూదిమందు కలదు. కాని లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపుననే దానిని ఇయ్యవలెను. మాకు తొమ్మిది గంటలు గడచిపోయినవి. ఆయన మమ్ము నిందింపలేదు. పెన్ను తీసికొని, మందుచీటి త్రిప్పి, ఈ బొమ్మ గీయ నారంభించెను.

ఆ బొమ్మను పట్టుకొని, అటుపిమ్మట పుస్తకములు తెప్పించుకొని, మేము తెలిసికొన్న సంగతులివి.

మెదడు బరువు సుమారు 1,300 నుండి 1,400 గ్రాములు. మన దేహపు బరువులో నూటికి రెండు పాళ్లు. కాని దేహము వాడుకొను ప్రాణవాయువులో నూటికి ఇరువది పాళ్లు అదియే పుచ్చుకొనును. పుఱ్ఱె అను గట్టిపెట్టెలో, వరాశిక, లౌతికళ, మృద్వి అను మూడు పొరలు చుట్టుకొని, పలుచని ద్రవములో తేలుచు అది భద్రముగా నుండును. మనము ఊరగాయను జాడీలో పెట్టి, వాసెనగుడ్డ కట్టి, మూత వేసినట్లు ప్రకృతి దానిని దాచినది. అయినను దానికొక బలహీనత కలదు. కండలు కొంత కూడు దాచుకొనగలవు. మెదడు అట్లు దాచుకొనలేదు. ఏ నిమిషమునకు ఆ నిమిషము రక్తము తెచ్చి పెట్టినదే దాని భోజనము. ఆ రక్తమును మెడలో నుండి పైకి ప్రాకు నాలుగు ధమనులు, ముందుప్రక్క రెండు, వెనుకప్రక్క రెండు, కొనిపోవుచుండును. ఏదేని పెద్దకొమ్మ మూసికొన్నచో నిమిషమునకు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్క గట్టెను. మా తొమ్మిది గంటలను ఆ లెక్కతో గుణించుటకు చిన్నకోడలు కాగితము తీసికొన్నది. సగములో మడిచి ప్రక్కన పెట్టివేసినది.

మెదడు ఒకటే ముద్ద అని మేము అంతవఱకు తలచియుంటిమి. బుద్ధి ఉన్నచో అంతయు ఉన్నట్లు, పోయినచో అంతయు పోయినట్లు అనుకొంటిమి. అది పొరపాటు. అది ఉమ్మడి కుటుంబము వంటిది. ఎవరి పని వారిది. అయినను ఒకరి సాయము లేక ఒకరికి సాగదు.

ఆ కుటుంబమున అందఱికంటె పెద్దది పెద్దమెదడు. ముడుతలు ముడుతలుగా కనబడునది అదియే. పైపొర బూడిదరంగు గలది. దాని మందము కొలది మిల్లీమీటర్లే. పెద్ద చీరను చిన్నపెట్టెలో కుక్కినట్లు ఆ పొరను పుఱ్ఱెలో ఇముడ్చుటకే ఆ ముడుతలు. పెద్దమెదడు కుడి యెడమలుగా రెండు సగములు. రెంటి నడుమ నాడీతంతువుల వంతెన కలదు. చిత్రమేమనగా కుడిసగము దేహపు ఎడమభాగమును, ఎడమసగము కుడిభాగమును నడపును. అత్తగారి కుడిచేయి పడిపోగా దెబ్బ ఎడమప్రక్క తగిలినదని వైద్యుడు స్కానింగు చూడకమునుపే ఊహించుట ఇందువలననే.

ప్రతి సగమునందును నాలుగేసి ఖండములు. నొసటి వెనుక నున్న ఖండము ఆలోచన, నిర్ణయము, ఓర్పు వీనికి స్థానము. రేపటి పెండ్లికి నేడేమి నానబోయవలెనో తలచునది అదియే. కోపము వచ్చినను నోరు మూసికొనుమని చెప్పునది అదియే. దాని వెనుక అంచున అవయవములను కదలించు పట్టీ కలదు. నడినెత్తి క్రింది ఖండము స్పర్శను, వేడిని, నొప్పిని గ్రహించును. కన్ను మూసికొన్నను కొంగుముడిలో నున్నది రూపాయి యో అర్ధరూపాయియో చెప్పునది అది. కణతల లోపలి ఖండము విన్నదానిని గ్రహించును. తల వెనుకనున్న ఖండము చూపునకు స్థానము. కన్ను ముందున్నను చూచుట వెనుక జరుగుచున్నదని విన్నప్పుడు మేము ఆశ్చర్యపడితిమి.

ఇక అత్తగారి మాటకు వత్తుము. ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన పిదప చూడవచ్చినవారందఱు ఒకటే మాట అనిరి: "ముసలమ్మకు మతి పోయింది." ఆమె యెదుటనే అనిరి. పసిపిల్లతో మాటలాడినట్లు గట్టిగా కేకవేసి మాటలాడిరి. మొదట మేమును అట్లే చేసితిమి. ఒకనాడు పెద్దకోడలు తన అన్నకు అప్పు ఇచ్చిన సంగతి చిన్నకోడలితో రహస్యముగా చెప్పుచుండెను. మంచముమీద అత్తగారి ముఖము మాఱెను. ఎడమచేయి ఎత్తి మూడు వ్రేళ్లు చూపి, తల అడ్డముగా ఊపిరి. మూడుమాఱులు ఇచ్చితివి, ఇక చాలు అని! మేము నిర్ఘాంతపోయితిమి. ఆమెకు సర్వము తెలియుచున్నది. పోయినది మతి కాదు. మతిలోని మాటను బయటికి తెచ్చు త్రోవ మాత్రమే.

ఈ సంగతిని లోకమునకు వెల్లడించినవాడు ఫ్రాన్సుదేశపు వైద్యుడు పాల్ బ్రోకా. 1861లో పారిసు నగర సమీపమున బీసెత్రు అను ఆసుపత్రిలో లెబోర్ఞ్ అను రోగి ఉండెను. అతడు ఇతరులు చెప్పినది గ్రహించెడివాడు; కాని ఏమడిగినను "తాన్" అను ఒక్క ధ్వని మాత్రమే పలుకగలిగెడివాడు. అతడు మరణించిన పిదప బ్రోకా అతని మెదడును పరీక్షించి, ఎడమ నుదుటి ఖండములో ఒకచోట దెబ్బతిని యుండుట కనుగొనెను. ఆ చోటికి బ్రోకా పేరే నిలిచినది. 1874లో జర్మనీ వైద్యుడు కార్ల్ వెర్నికే మఱియొక చోటును చూపెను. అది ఎడమ కణత ఖండములో వెనుకకు ఉండును. అచ్చట దెబ్బతగిలినవారు ధారాళముగా మాటలాడుదురు. కాని ఆ మాటలకు అర్థముండదు, ఇతరుల మాట వారికి బోధపడదు. కుడిచేతి వాటముగలవారిలో హెచ్చుమందికి మాట ఎడమసగముననే యుండును. చేతిని కదలించు చోటును, మాటను పలికించు చోటును ఇరుగుపొరుగులు. అందుచేతనే అత్తగారికి కుడిచేయియు మాటయు ఒక్కసారిగా పోయినవి.

ఇది తెలిసిన దినమునుండి మేము ఆమె యెదుట నెవ్వరిని "మతి పోయింది" అననీయలేదు.

లోపలి గదుల సంగతి కూడ చెప్పవలెను. కణత ఖండపు లోతట్టున సముద్రపు గుఱ్ఱపుచేప ఆకారమున హిప్పోకాంపసు అను భాగము కలదు. క్రొత్తగా చూచినది, విన్నది జ్ఞాపకమునకు ఎక్కవలెనన్నచో దాని ద్వారముననే పోవలెను. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అను యువకునకు మూర్ఛరోగము మాన్పుటకు ఇరుప్రక్కల ఆ భాగమును చాలవఱకు తీసివేసిరి. మూర్ఛలు తగ్గినవి, కాని ఆనాటినుండి 2008లో మరణించువఱకు అతనికి క్రొత్త సంగతి యేదియు నిలువలేదు. చిన్ననాటి సంగతులు చెప్పగలడు. ఇప్పుడే పలుకరించి పోయిన మనిషిని మరల వచ్చినప్పుడు ఎఱుగడు. మా యత్తగారికి ఆ భాగము చెడలేదు. కనుకనే మూడు అప్పులును గుఱుతున్నవి!

దాని ప్రక్కనే బాదముగింజవలె నున్నది అమిగ్దల. భయమునకు అది కావలి. పామును చూచి, ఇది పామా త్రాడా యని ఆలోచింపకముందే కాలు వెనుకకు తీయించునది అది. నట్టనడుమ నుండునది థాలమసు. కన్ను, చెవి, చర్మము పంపిన వార్తలను ఎక్కడి కవి చేరవలెనో అక్కడికి పంపును. వాసన యొక్కటి మాత్రము ఆ త్రోవ చూడక నేరుగా లోపలికి పోవును. పోపు వాసనకు పుట్టినిల్లు జ్ఞాపకము వచ్చుట కాదా మనకు! థాలమసు క్రింద హైపోథాలమసు. చిక్కుడుగింజ కంటె ఎక్కువ పెద్దది కాదు. ఆకలి, దప్పి, ఒంటి వేడి, నిద్ర దాని అధీనములు. శనగగింజంత పీయూషగ్రంథిని ఆడించుచు, ప్రసవించిన తల్లికి పాలు చేపుటకును అదియే ఆజ్ఞ యిచ్చును.

తల వెనుక క్రిందిభాగమున చిన్నమెదడు కలదు. పేరు చిన్నదే కాని లెక్కకు పెద్దది. మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణములలో 6,900 కోట్లు దానియందే యున్నవని 2009లో బ్రెజిలు శాస్త్రజ్ఞులు లెక్కించిరి. నడక తూలకుండ, చేయి వణకకుండ, పని కుదురుగా సాగునట్లు చూచుట దాని కార్యము. నెత్తిమీద బిందె, చంకలో పిల్లతో గట్టు దిగివచ్చు స్త్రీని నిలబెట్టునది చిన్నమెదడు. కల్లు మితిమీఱి త్రాగినవాడు అడుగులు తడబడుటయు దానికి మత్తెక్కుటవలననే. అన్నిటికి క్రింద మెదడుకాండము, దాని తుదిని మజ్జాముఖము. ఊపిరి, గుండె కొట్టుకొనుట, మ్రింగుట, దగ్గు దాని చేతిలోని పనులు. మనము నిద్రించినను అది నిద్రింపదు. మ్రింగుటకు పైనుండి ఆజ్ఞ తెచ్చు త్రోవ చెడినప్పుడు నోట పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. మేము ఆనాడు ప్రేమతో పోసిన చాయ ఎంత అపాయమో అప్పుడు తెలిసికొంటిమి.

ఆషాఢము పోయినది, శ్రావణము పోయినది. అత్తగారు కఱ్ఱపట్టుకొని నాలుగడుగులు వేయసాగిరి గాని మాట రాలేదు. బతుకమ్మ పండుగ వచ్చెను. ఏటేట పాట యెత్తుకొనువారు ఆమెయే. ఆ యేడు తొమ్మిదవనాడు, సద్దుల బతుకమ్మనాడు, గునుగు, తంగేడు, బంతి తెచ్చి మేమే పేర్చితిమి. వాకిట నడుమ బతుకమ్మను నిలిపి, ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, వాడకట్టు స్త్రీలము చుట్టును తిరుగుచు చప్పట్లు కొట్టుచు పాడితిమి. రెండవపాట నడుమ పెద్దకోడలు ఆమెవైపు చూచెను. ఎడమచేయి మోకాలిపై తాళము వేయుచున్నది. పెదవులు కదలుచున్నవి. దగ్గఱకు పోయి చెవి యొగ్గగా పాట వినబడెను. శబ్దము కాదు, మాటలు. స్పష్టమైన మాటలు. మూడు నెలలుగా "నీళ్లు" అనలేకపోయిన నోట చరణము వెంట చరణము వచ్చుచున్నది.

మాకు కండ్ల నీరు ఆగలేదు. కాని పాట ఆపలేదు. ఆపినచో ఆ మాట మరల పోవునేమోయని భయము. చీకటి పడువఱకు అదే పాట తిరిగి తిరిగి పాడితిమి. చెఱువుకు పోవుట ఆలస్యమైనదని ఆనాడు ఎవరును విసుగుకొనలేదు.

పాట ముగిసినది, "నీళ్లు కావాలెనా అత్తా?" అని అడిగితిమి. మరల మౌనమే. ఇది దేవి మహిమ యని కొందఱనిరి. వైద్యుని అడుగగా, ఇట్టిది చాలమందిలో చూడవచ్చునని, మాట ఎడమసగముపై ఆధారపడగా రాగమునకు కుడిసగము కూడ తోడ్పడునని, చిన్ననాటినుండి పాడిన పాటకు వేఱుత్రోవ యుండునని చెప్పెను. 1973లోనే అమెరికాలోని బోస్టను నగరపు వైద్యులు ఈ మర్మమును పట్టుకొని, చిన్నచిన్న మాటలను రాగముతో, ఎడమచేతి తాళముతో పలికించి, క్రమముగా రాగము తగ్గించి మాట నేర్పు చికిత్స నొకటి ఏర్పఱచిరట. అందఱికిని అది ఫలింపదు. శ్రమ మాత్రము చాల వలయును. మేము ఆ శ్రమకు పూనుకొంటిమి. దినమునకు రెండుపూటలు, బతుకమ్మ పాట వరుసలో "నీళ్లు తెమ్ము", "అన్నము పెట్టు", "చిన్నవాడెక్కడ" అని పాడించితిమి. మొదట నవ్వులాటగా నుండెను. దీపావళి దాటిన పిదప ఒకటి రెండు మాటలు రాగము లేకయే రాసాగినవి.

ఇంతలో మా మఱది హైదరాబాదునుండి ఒక సంగతి తెలిపెను. అది మన తెలుగువారి నడుమ జరిగిన పరిశోధన గనుక మీకును చెప్పవలెనని తోచినది. హైదరాబాదు నిమ్సు ఆసుపత్రిలో అప్పుడు పనిచేయుచుండిన డాక్టరు సువర్ణ అల్లాడి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు దుగ్గిరాల వసంత, మఱికొందఱు కలిసి, మతిమఱపు రోగముతో వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ప్రకటించిరి. రెండుగాని అంతకుమించిగాని భాషలు మాటలాడువారికి ఆ రోగము ఒక్కభాషవారికంటె సగటున నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా పైబడినది. చదువురాని వారిలోను అదే భేదము కనబడినది. అనగా ఆ మేలు బడిచదువువలన మాత్రమే వచ్చినది కాదు. 2016లో అక్కడనే పక్షవాతము తగిలిన 608 మందిని పరిశీలింపగా, పెక్కుభాషలవారిలో నూటికి 40 మందికి ఆలోచనాశక్తి చెక్కుచెదరక నిలిచెను. ఒక్కభాషవారిలో నూటికి 20 మందికి మాత్రమే నిలిచెను. మాట పోవుటలో మాత్రము ఇరువురకును భేదము లేదు.

ఈ సంగతి విన్ననాడు మేము అరుగుమీది అంగడి బుట్టలను తలచుకొంటిమి. తండాల స్త్రీలతో, బీబమ్మతో ఆమె యాడిన బేరములు, వేళాకోళములు వట్టి పొద్దుపుచ్చుట కాదు కాబోలు. చదువురానిదని లోకము తక్కువగా చూచిన ఒక స్త్రీ, నలుబదియేండ్లుగా తన మెదడుకు తెలియకయే సాము చేయించినది. ఆమె మతి నిలిచినది ఇందువలననే యని మేము రూఢిగా చెప్పజాలము. ఒక్కరిని చూచి శాస్త్రము చెప్పరాదు. అయినను మా పిల్లలను ఇప్పుడు తండా పిల్లలతో వారి భాషలో మాటలాడ మనుచున్నాము.

మఱియొక మాట. స్త్రీల మెదడు చిన్నది కనుక బుద్ధి కొంచెమని పూర్వము చెప్పువారుండిరి. సగటున మెదడు పరిమాణము దేహపు పరిమాణమునకు తగినట్లుండును. బుద్ధికి అది కొలపాత్ర కాదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీవారు 2019లో నూఱుమంది ఆరోగ్యవంతుల స్కానింగులనుండి భారతీయుల మెదడు పటమును సిద్ధపఱచిరి. పాశ్చాత్యుల పటముతో పోల్చగా మనవారి మెదడు సగటున కొంత చిన్నదని తేలినది. అందుచేత మనవారి బుద్ధి తక్కువైనదా? ఎవరి రోగమును వారి కొలతతో చూడవలెనని మాత్రమే దాని తాత్పర్యము.

ఇప్పుడు అసలు మనవి. ఇంటిలో ఎవరికేని హఠాత్తుగా తేడా కనబడినచో మూడు చూడుడు: మూతి, చేయి, మాట. నవ్వుమనుడు, మూతి ఒకప్రక్క జాఱినదా? రెండుచేతులు ఎత్తుమనుడు, ఒకటి క్రిందికి దిగినదా? ఒక వాక్యము చెప్పుమనుడు, తడబడినదా? మూడింటిలో ఏ ఒక్కటి కనబడినను నూనె వద్దు, పావురము వద్దు, నోట చుక్కనీరైనను పోయవద్దు. గడియారము చూడుడు. ఆ మనిషి మంచిగా నున్నట్లు చివరిసారి చూచిన గంటను జ్ఞాపకముంచుకొనుడు. 108కి ఫోను చేయుడు. 2005 ఆగస్టు 15వ తేదిని హైదరాబాదులో మొదలైన ఆ బండి నేడు మన పల్లెల గడపలకును వచ్చుచున్నది. స్కానింగు గల ఆసుపత్రికే కొనిపొమ్మని అడుగుడు. ఏలయన గడ్డకట్టినదో, నాళము చిట్లినదో స్కానింగు చూడక తెలియదు, చిట్లినదానికి గడ్డ కరగించు మందు ప్రాణాంతకము. నాలుగున్నర గంటలు దాటినను నిరాశపడక పొండు. కొందఱికి నాళములోనికి తీగ పంపి గడ్డను తీయు చికిత్స అటుపిమ్మటను చేయవచ్చును. అన్నిటికంటె మేలు, రక్తపోటును ముందుగానే చూపించుకొనుట. మా యత్తగారికి అది యెన్నేండ్లుగా ఉన్నదో మాకు తెలియదు. మామగారి ఎద్దులకు ఏటేట సూదులు వేయించితిమి. ఆమె చేతికి ఆ పట్టీ ఒక్కనాడును కట్టించలేదు.

అత్తగారి కుడిచేయి ఇంకను పూర్తిగా లేవలేదు. మాటలు పొట్టివి, వెదకి వెదకి పలుకుదురు. అలసినప్పుడు అవియు రావు. కాని మొన్న సంక్రాంతికి ఆమె రాగము లేక, ఎవరి సాయము లేక, మొట్టమొదటి పూర్తి వాక్యము చెప్పిరి. పప్పు కలిపి ముద్ద నోట పెట్టుకొని, మమ్మిద్దఱిని ఎగాదిగా చూచి, "ఉప్పు లేదేందే?" అనిరి. వైద్యుడు ఉప్పు దినమునకు 5 గ్రాములు దాటరాదని చెప్పియుండుటచే మేమే తగ్గించియుంటిమి. ఆ తిట్టు విని ఇద్దఱము ఏడ్చితిమి, నవ్వితిమి. ఉప్పు మాత్రము వేయలేదు.

ఆ సాయంకాలమే ఈ బొమ్మను పెట్టెలోనుండి తీసి, ఉప్పుజాడీకి పైన అంటించితిమి. చేయి జాడీమీదికి పోయినప్పుడెల్ల కన్ను బొమ్మమీద పడవలెనని. మీ వంటయింట బొమ్మ లేకున్నను గడియారముండును. ఇది చదివిన సోదరీమణులలో ఒక్కరేని అవసరమునాడు నూనెగిన్నెవైపు కాక గడియారమువైపు చూచినచో, మా యత్తగారు పోగొట్టుకొన్న తొమ్మిది గంటలు వేఱొకరి యింట దక్కినవని మేము తృప్తిపడుదుము.